శుక్రవారం పాస్టీ

సెప్టెంబర్ 5, శుక్రవారం

అనిక ఈ రోజు కూడా తినలేదు. లంచ్ బాక్స్ పొద్దున నేను ఎలా సర్ది పంపానో అలాగే తిరిగొచ్చింది. ఇడ్లీలు గట్టిపడిపోయాయి. పాలు, ఉప్పు బిస్కెట్లు, వాటి మీదే ఉంది ఆ పిల్ల ప్రాణం. ఆరేళ్ల పిల్ల, చేతులు చూస్తే పుల్లల్లా ఉన్నాయి.

నమ్రత పోయి ఆరు నెలలు. ఆఫీస్‌లో మాట్లాడుతూ మాట్లాడుతూ కుర్చీలోంచి పక్కకి ఒరిగిపోయిందట నా కూతురు. నాకు వీసా దొరికి వీళ్ల ఊరు ప్లెయిన్స్‌బరో చేరేసరికి అన్నీ అయిపోయాయి. ఇంట్లో ఫోటో ఉంది, పిల్ల ఉంది. పిల్ల కోసం ఉండిపోయాను.

సాయంత్రం అల్లుడు వినీత్ నన్ను కూర్చోబెట్టి చెప్పాడు. డాక్టర్ బరువు చూసి కంగారు పడిందట. తన అక్క పద్మజ నెలాఖరుకి ప్లేనో నుంచి వస్తోందట. అప్పటికీ అనిక తిండి మొదలుపెట్టకపోతే తనతో తీసుకెళ్లిపోతుందట. అక్కడ తన పిల్లలున్నారు, అందరూ ఒక టేబుల్ దగ్గర కూర్చుని తింటారు, వాళ్లని చూసి తింటుందని. టెంపరరీగానే అత్తయ్య గారూ, అన్నాడు. నేను తల ఊపాను.

టెంపరరీ ఏంటి. పిల్ల అలవాటు పడితే అక్కడే ఉంటుంది. నన్ను విమానం ఎక్కిస్తారు. నా కూతురిలో మిగిలింది ఈ పిల్ల ఒక్కతే.

దుప్పటి కప్పుతుంటే అనిక అంది, ఈ రోజు ఫ్రైడే, పాస్టీ డే అని. మళ్లీ అడిగితే గోడవైపు తిరిగింది.

సెప్టెంబర్ 6

పాస్టీ అంటే ఏంటని వినీత్‌ని అడిగాను. రోడ్డు అవతల ప్లాజాలో ఇంగ్లండ్ ఆవిడ కొట్టు ఉందట. కట్టించుకుని వెళ్లడమే, కూర్చునే చోటు ఉండదట. శుక్రవారం స్కూల్ నుంచి పిల్లని తీసుకొస్తూ నమ్రత అక్కడ ఆగేదట. ఇద్దరూ కార్‌లోనే తినేసి వచ్చేవాళ్లట. తను ఎప్పుడూ తినలేదన్నాడు. బంగాళాదుంప పఫ్ లాంటిదే అనుకుంటా అన్నాడు.

పఫ్ అయితే నాకు రాని పనా. చీరాల బస్టాండ్ బేకరీకి పఫ్‌లలో కూర వండిచ్చిన చెయ్యి ఇది. మైదా కలిపాను, బటర్ రాసి మడతలు వేశాను, ఓవెన్‌లో ఎర్రగా కాల్చాను. అనిక వాసన చూసి, నాట్ దిస్, అంది.

వినీత్ నాలుగు తిన్నాడు.

సెప్టెంబర్ 12, శుక్రవారం

పిల్ల స్కూల్ నుంచి వచ్చేలోపు నడిచి వెళ్లాను. ఫుట్‌పాత్ సగం దూరమే ఉంది. మిగతా సగం గడ్డిలో నడిచాను. కార్లవాళ్లు పిచ్చిదాన్ని చూసినట్టు చూశారు.

చిన్న కొట్టు. అద్దాల పెట్టెలో పాస్టీలు వరసగా పడుకోబెట్టి ఉన్నాయి. మన కజ్జికాయకి పెద్దన్న. అంచు మటుకు జడ అల్లినట్టు లావుగా మడిచి ఉంది. ధర చూసి గుండె ఆగింది. ఒక్కదానికి పన్నెండు డాలర్లు. రూపాయల్లోకి మార్చుకోవద్దు అత్తయ్య గారూ, అని వినీత్ చెబుతూనే ఉంటాడు. మార్చాను. వెయ్యి దాటింది. ఆ డబ్బుకి చీరాలలో పఫ్‌ల ట్రే ఎత్తుకొచ్చుకోవచ్చు.

ఏది అడగాలో తెలీక ఫోన్‌లో నమ్రత ఫోటో చూపించాను. ఆవిడ గుర్తుపట్టి నవ్వింది. నేను చేత్తో పైకి చూపించాను. నవ్వు ఆగిపోయింది. ఏమీ అడగకుండా ఒకటి తీసి కవర్‌లో పెట్టింది. హర్ యూజువల్, అంది. డబ్బు తీసుకోనంది. నేను బల్ల మీద పెట్టి వచ్చేశాను.

ఇంటికొచ్చేసరికి చల్లారింది. మైక్రోవేవ్‌లో పెట్టి, కత్తితో నాలుగు ముక్కలు కోసి, ప్లేట్‌లో సాస్ వేసి అందంగా పెట్టాను. శుక్రవారం నాకు ఒక్కపొద్దు, నీచు ముట్టను, లోపల ఏముందో తెలీదు, అందుకే రుచి చూడలేదు. అనిక ప్లేట్ చూసి ముందు సంతోషపడింది. తర్వాత కళ్ల నిండా నీళ్లు తెచ్చుకుంది. టేబుల్ కిందకి దూరి కూర్చుంది.

ఎందుకో చెప్పదు.

సెప్టెంబర్ 13

ఆ ముక్కలు పారెయ్యడానికి మనసొప్పక ఫ్రిజ్‌లో పెట్టాను. పొద్దున విప్పి చూశాను. దుంప, ఉల్లిపాయ, ఏదో పసుప్పచ్చ ముల్లంగి లాంటిది, మాంసం. మేక కాదు. కోడి కాదు. మేక మాంసం నాకు తెలీకపోవడమేంటి, ముప్పై ఏళ్లు వండాను.

ప్లేట్ అక్కడే వదిలేసి చేతులు కడుక్కున్నాను. మళ్లీ కడుక్కున్నాను.

సెప్టెంబర్ 15

వెళ్లి అడిగాను. బీఫ్, అంది ఆవిడ. అయిదో తరగతి చదువు నాది. ఆ మాటకి అర్థం మాత్రం ఎవరూ చెప్పక్కర్లేదు.

తినేవాళ్లు తింటారు. మా పేటలోనే తినే ఇళ్లున్నాయి, వాళ్ల చేతి కాఫీ తాగాను, వాళ్ల పెళ్లిళ్లకి వెళ్లాను. కానీ మా ఇంట్లో లేదు. వినీత్ వాళ్లింట్లో అయితే మరీను. ఏటా ఆవుకి పూజ చేసే ఇల్లు అది. పద్మజ ఫోన్‌లో పొద్దున్నే దేవుడి ఫోటోలు పెడుతుంది, అందులో సగం ఆవులే.

మాంసం లేనిది ఉందా అని అడిగితే చీజ్, ఉల్లిపాయ వేసింది ఇచ్చింది. ఇవాళ సోమవారం, ఒక్కపొద్దు లేదు. దారిలో నిలబడి సగం తుంచుకుని తిన్నాను. పై పిండి బాగుంది, అబద్ధం చెప్పకూడదు. కరకరలాడింది, లోపలి పొర మెత్తగా ఉంది. లోపలి కూర మాత్రం జ్వరం పడి లేచిన మనిషికి పెట్టేది. మిరపకాయ ఊసు లేదు. పన్నెండు డాలర్లు తీసుకుని ఉప్పు కూడా చూసి చూసి వేస్తారా. కడుపు మటుకు నిండింది. సగం తింటేనే రాత్రి అన్నం తినబుద్ధి కాలేదు.

మిగతా సగం అనిక ముందు పెట్టాను. రాంగ్ వన్, అంది.

సెప్టెంబర్ 16

నమ్రతా, ఎప్పటి నుంచి తింటున్నావే.

సెప్టెంబర్ 19, శుక్రవారం

స్కూల్ నర్సు వినీత్‌కి ఫోన్ చేసింది. ఆటల టైమ్‌లో అనిక కింద కూర్చుండిపోయిందట. లేవలేకపోయిందట.

అది విన్నాక నాకు ఇంకేం తోచలేదు. తల్లి పెట్టిన తిండి, వద్దనడానికి నేనెవరిని. బస్ దిగగానే పిల్లని అటే నడిపించుకెళ్లాను. గడ్డి వచ్చిన చోట ఎత్తుకున్నాను. బరువే లేదు. కొట్టావిడ పెట్టెలోది కాకుండా లోపల ఓవెన్‌లోంచి తీసి వేడివేడిది ఇచ్చింది. పార్కింగ్ పక్కన గట్టు మీద కూర్చున్నాం. నేను చేత్తో తుంచి, ఊది, నోటి దగ్గర పెట్టాను. నోరు తెరవలేదు. ఎందుకమ్మా, ఇదే కదా, అమ్మ కొన్నది ఇదే కదా అన్నాను. బతిమాలాను. కొంచెం గట్టిగా కూడా అన్నాను.

అప్పుడు చెప్పింది. తెలీనిదానికి నేర్పినట్టు నెమ్మదిగా చెప్పింది.

"అమ్మమ్మా, యూ హావ్ టు బైట్ ఫస్ట్. అమ్మ బైట్ చేస్తుంది, హాట్ పోతుంది. దెన్ నేను అక్కడే బైట్ చేస్తా."

నేను ఎప్పుడూ ఆ పిల్లకి ఎంగిలి పెట్టలేదు. మా ఇంట్లో ఎంగిలి పట్టింపు. గ్లాసు పెదవికి తగలకుండా ఎత్తి తాగే ఇల్లు. అందుకే కత్తితో కోశాను, చేత్తో తుంచాను, వేరే ప్లేట్ పెట్టాను, శుభ్రం అనుకున్నాను. ఆ పిల్లకి కావలసింది వాళ్లమ్మ ఎంగిలి.

పాస్టీ పెదవుల దాకా తెచ్చుకున్నాను. మిరియాల పొగ మొహానికి కొట్టింది. శుక్రవారం. ఆ మాంసం. దవడ పట్టేసింది. ఎంత ప్రయత్నించినా తెరుచుకోలేదు.

నువ్వే కొరుకు తల్లీ అన్నాను. లేచి నిలబడింది. ఇంటిదాకా నా ముందు నడిచింది. చెయ్యి ఇవ్వలేదు.

సెప్టెంబర్ 22

బరువు ఇంకా తగ్గింది. వచ్చే వారానికీ ఇలాగే ఉంటే హాస్పిటల్‌లో చేర్చి ముక్కులోంచి గొట్టం వేస్తామంది డాక్టర్.

పద్మజ తిరుగు ప్రయాణం ఆదివారం. వినీత్ ఆమె పక్క సీట్ అనికకి బుక్ చేశాడు. నాకు చెప్పేటప్పుడు నా వైపు చూడలేదు.

సెప్టెంబర్ 24

వినీత్‌కి చెప్పేద్దామా అని పొద్దుటి నుంచి అనుకుంటున్నాను. చెబితే నా కూతురి మీద మాట పడుతుంది. జవాబు చెప్పుకోవడానికి అది లేదు. చెప్పకుండా పిల్లకి పెడితే నేను దొంగనవుతాను. పెట్టకపోతే పిల్ల వెళ్లిపోతుంది.

ఇవన్నీ సాకులు. నేను కొరకలేకపోయాను. అంతే.

సెప్టెంబర్ 26, శుక్రవారం

పద్మజ నిన్న వచ్చింది. మంచి మనిషి. చెడ్డదైతే నాకు తేలికయ్యేది. పిల్లకి గులాబీ రంగు సూట్‌కేస్ తెచ్చింది. పిల్లని చూసి బాత్రూమ్‌లోకి వెళ్లి ఏడ్చి, మొహం కడుక్కుని వచ్చింది.

ఒక్కసారి ప్లాజా దాకా డ్రైవ్ చేస్తావా అమ్మా అని అడిగాను. సరే పిన్నిగారూ, లాస్ట్ ట్రై అంది.

నేను దిగి కొనుక్కొచ్చాను. వెనక సీట్లో అనిక పక్కన కూర్చున్నాను. పద్మజ ముందు సీట్లో ఫోన్ చూసుకుంటోంది. కవర్ తీశాను. అనిక నా మొహమే చూస్తోంది, పాస్టీని కాదు.

దసరాల్లో శుక్రవారం. అమ్మవారిని తలుచుకోలేదు, ఏ మొహం పెట్టుకుని తలుచుకోను. కళ్లు మూసుకుని కొరికాను. నాలుక కాలింది. నమలకుండా మింగేశాను. గొంతులో అడ్డం పడి దిగింది. రుచి ఏంటో తెలీలేదు.

కొరికిన చోటు నుంచి పొగ లేచింది. ఊదాను.

అనిక ముందుకి వంగింది. నా పళ్లు పడిన చోటే తన పళ్లు పెట్టింది. కొరికింది. నమిలింది. నోట్లో ఉండగానే మళ్లీ కొరికింది. మీసాల్లా పిండి పొరలు అంటుకున్నాయి మూతికి. సగం తిన్నాక ఆగి, ఆ జడ అంచు నాకిచ్చింది. అమ్మ హ్యాండిల్ తినేది, అంది.

పద్మజ ఫోన్ ఎప్పుడు కింద పెట్టిందో నాకు తెలీదు. వెనక్కి తిరిగి చూస్తోంది. చాలాసేపు చూసింది. తర్వాత మెల్లిగా అడిగింది.

"అందులో ఏముంది పిన్నిగారూ?"

కోడి అనొచ్చు. నోటిదాకా వచ్చింది కూడా.

"బీఫ్ అమ్మా. నమ్రత తినిపించేది ఇదే," అన్నాను.

పద్మజ ముందుకి తిరిగింది. కార్ స్టార్ట్ చేసింది. నాలుగు అద్దాలూ దించింది.

ఇంటికొచ్చి తల మీంచి నీళ్లు పోసుకున్నాను. దీపం పెట్టలేదు.

సెప్టెంబర్ 27

పొద్దున దోసె అంచు కొరికి అనికకి చూపించాను. అక్కడే కొరికింది. ఒకటిన్నర తింది.

వినీత్‌కి పద్మజ చెప్పింది. నేను వంటింట్లోనే ఉన్నాను. ఎన్నాళ్ల నుంచి తెలుసు మీకు అని అడిగాడు. చెప్పాను. అరుస్తాడనుకున్నాను. అరవలేదు. అరిస్తే బాగుండేది. నా ఇంట్లో, నా కూతురికి అన్నాడు. తర్వాత, నమ్రత నాకెందుకు చెప్పలేదు అన్నాడు. అది నన్ను అడిగింది కాదు. ఫోటో ఉన్న గదివైపు తిరిగి అడిగాడు. బాల్కనీలోకి వెళ్లి తలుపు వేసుకున్నాడు.

మిమ్మల్ని రెండు వారాల్లో పంపించేస్తాను అంటాడని గంటసేపు ఆ తలుపు చూస్తూ కూర్చున్నాను. అనిక వచ్చి నా చీర చెంగుతో మూతి తుడుచుకుని వెళ్లింది.

చివరికి పద్మజే తలుపు తీసి తమ్ముడితో మాట్లాడింది. నాకు వినపడాలనే గట్టిగా మాట్లాడింది.

"ప్లేనో తీసుకెళ్తే శుక్రవారం శుక్రవారం నేను అది కొరకాలి. నా వల్ల కాదురా. ఆ టికెట్ కాన్సిల్ చెయ్."

అక్కడ ఉంటే పిల్ల మర్చిపోతుంది కదా అన్నట్టున్నాడు వినీత్. మర్చిపోవాలా అని అడిగింది పద్మజ.

సెప్టెంబర్ 28

పద్మజ ఒక్కతే వెళ్లింది. సూట్‌కేస్ పిల్లకే వదిలేసింది. గుమ్మంలో నా కాళ్లకి దణ్ణం పెట్టి, లేస్తూ ఒక మాట అంది. దసరాల్లో, అదీ శుక్రవారం పూట, మీరు సామాన్యులు కారు పిన్నిగారూ అని. మెచ్చుకోలో ఎత్తిపొడుపో తెలీలేదు. రెండూ అయ్యుంటాయి.

వినీత్ నాతో మూడు మాటలే మాట్లాడాడు. ఇంట్లోకి వద్దు. నా కార్‌లో వద్దు. అక్కడే తినిపించి, మూతి కడిగి తీసుకురండి.

సరే బాబూ అన్నాను.

అక్టోబర్ 3, శుక్రవారం

వాన. కొట్టు చూరు కింద నిలబడ్డాం. ఈసారి నమిలాను. మిరియం, కొవ్వు, దుంపలోకి దిగిన రసం. రుచిగా ఉంది.

మొదటి కొరుకు అనిక కోసం. రెండోది నా కోసమే కొరికాను.