హిరన్ చాప్ బిస్కెట్ పాటలో నాలుగో లైను

అన్నయ్యా,

బాగున్నావా అని అడగడం అలవాటు కదా, అడిగేశాను. నువ్వు వెళ్ళి పది నెలలు దాటింది. వదిన డాలీగంజ్ ఇంట్లోనే ఉంది. నీ కూతురు ఝాన్సీ కాన్పుకని వచ్చి ఇంకా ఇక్కడే ఉంది. నీ మనవరాలికి ఎనిమిదో నెల. నువ్వు చూడలేదు కదూ... ముక్కు మాత్రం నీదే, పాపం.

నీతో ఒక తగువుంది. అందుకే రాస్తున్నాను.

ముందు నా భయం చెప్పాలి. నీ ఫొటోలు బోలెడున్నాయి. గొంతు ఎక్కడా లేదు. ఝాన్సీ తన ఫోనంతా వెతికింది, వదిన ఫోనూ వెతికింది. వాయిస్ మెసేజులంటే నీకు చిరాకాయె. "మనిషి ఎదురుగా ఉంటే ఈ డబ్బాతో మాటలేటే?" అనేవాడివి. మొన్న వంట చేస్తూ నీ గొంతు గుర్తు తెచ్చుకుందామంటే రాలేదు. ఎంత ప్రయత్నించినా రాలేదు. గరిటె పట్టుకుని అలాగే నిలబడిపోయాను. పులుసు అడుగంటింది.

చిన్నప్పుడు రేడియోలో విన్న జింక గుర్తు బిస్కెట్ పాట, అదే హిరన్ చాప్ బిస్కెట్ పాట తలుచుకుంటే మాత్రం ఎందుకో వస్తున్నావు. పధ్నాలుగేళ్ళ గొంతు, అటూ ఇటూ కాని గొంతు.

హిరన్ చాప్ బిస్కెట్, అరె వాహ్ భయ్యా వాహ్!
చాయ్‌లోన ముంచి తింటే ఆహా దీదీ ఆహా!
ఏక్ ఖావో, దో ఖావో, చిట్టికి నాలుగివ్వండి...

అంతే. నాలుగో లైను దగ్గర పాటా ఆగిపోతోంది, నువ్వూ ఆగిపోతున్నావు. ఆ లైను దొరికితే నువ్వు పూర్తిగా దొరుకుతావని ఎందుకో గట్టిగా అనిపించింది. పిచ్చేమో. నీ చెల్లెలికి కొత్తా?

మెయిన్‌లాండ్‌లో మనకన్నా చిన్నవాళ్ళు తమ చిన్నప్పటి టీవీ ప్రకటనలనీ, కార్టూన్లనీ ఊరికే మురిసిపోతుంటారు. ఈ దీవుల్లో, మన చాతం క్వార్టర్‌లో ఏముందీ? నాన్న రేడియో. సబ్బులు, తలనూనెలు, దగ్గుమందులు... అన్ని పాటలూ మనకి కంఠతా. బజారుకెళ్ళి అడిగితే ఒక్కటీ ఉండేది కాదు. కొట్టు భయ్యా ప్రతిదానికీ అగ్లే జహాజ్ మే ఆయేగా, వచ్చే ఓడలో వస్తుంది అనేవాడు. వస్తువులు రాకపోయినా పాటలు మాత్రం రోజూ వేళకి వచ్చేవి. మనకి పాటే సరుకు.

సరే, ఝాన్సీని కూర్చోబెట్టి నెట్‌లో వెతికించాను. ఆ నాటి సబ్బు పాట దొరికింది, పళ్ళపొడి పాట దొరికింది, ఒళ్ళునొప్పుల మందు పాట కూడా. హిరన్ చాప్ లేదు. ఇదేం నెట్టు, ఇదేం ఫోను అని తిట్టాను. ఝాన్సీ పాట మళ్ళీ పాడమంది. పాడాను. అది నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. అత్తా, ఏ రేడియో వాడు సగం హిందీ, సగం తెలుగు కలిపి పాడతాడు? అందులో నీ ముద్దుపేరెందుకుంది? అంటుంది.

అవునే! యాభై ఏళ్ళలో నాకు తట్టనే లేదు. మనింట్లో, వీధిలో, బడిలో అందరం అలాగే కదా మాట్లాడేది, రేడియో వాడూ అంతే అనుకున్నాను. చిట్టి అంటావా... దేశంలో చిట్టిలకి కొదవా అనుకున్నాను. పైగా ఆ బిస్కెట్లు తిన్నానని బడిలో పిల్లలకి ఎన్నిసార్లు చెప్పానో. నాన్న షిప్పు క్యాంటీన్ నుంచి కాగితంలో చుట్టి తెచ్చినవి చూపించి "ఇవేనే గుంటా అవి" అన్నావు కదా, అబద్ధాలకోరూ!

మర్నాడే ఫెర్రీ ఎక్కి బాంబూఫ్లాట్ వెళ్ళాను. మన పక్క క్వార్టర్ రజియా దీదీ ఉంటున్నది అక్కడే. మోకాళ్ళు పట్టేశాయి, నవ్వు మాత్రం అదే. పాట ఎత్తగానే టేబుల్ మీద దరువు మొదలుపెట్టింది. అరే పగలీ, పిచ్చిపిల్లా, ఆ పాటకి తబలా వాయించింది నేనే, రేకు డబ్బా మీద అంది.

అప్పుడు చెప్పింది అంతా.

అమ్మని ఆపరేషన్‌కి విశాఖ తీసుకెళ్ళిన ఏడాది. రేడియోలో సెల్స్ అయిపోయాయి. బజారులో లేవు, వచ్చిన షిప్పుల్లోనూ రాలేదు. రేడియో మోగితే తప్ప నేను ముద్ద ముట్టేదాన్ని కాదట. అందుకని రేడియో బల్లకి వేలాడే గుడ్డ వెనక దూరి నువ్వే రేడియోలా పాడేవాడివట. రజియా దీదీ కిటికీ అవతల. నాకు అన్నం పెట్టే పిన్నికీ తెలుసట. ఆ వేళకి నువ్వెక్కడ అంటే నీళ్ళకి వెళ్ళాడనేవాళ్ళు, నేను నమ్మేదాన్ని. అమ్మ వచ్చాక, కొత్త సెల్స్ వేశాక ఆ పాట ఎందుకు రావడం లేదని అడిగితే, "ఆ కంపెనీ వాడు మానేసినాడే, ఏటి సేస్తాం" అన్నావు. ఎంత నిబ్బరంగా అన్నావయ్యా!

నువ్వూ పధ్నాలుగేళ్ళ వాడివే. నీకూ అమ్మ లేదు ఆ నెలల్లో. నీకెవరు పాడారు అన్నయ్యా?

నాలుగో లైను ఏమిటి దీదీ అని అడిగాను. లేదంది. ఏ రోజుకా రోజు మార్చేవాడివట. స్నానానికి నేను మారాం చేసిన రోజున, "సతాయిస్తే మాత్రం చిట్టికి ఒక్కటే ఇవ్వండి". అమ్మ బయల్దేరిన కబురు వచ్చిన రోజున, "జహాజ్ కదిలిపోయింది, లేచి ముఖం కడగండి". ఆమెకి గుర్తున్నవి ఆ రెండే. నేను మర్చిపోయింది ఒక లైను కాదు, నాలుగు నెలల లైన్లు.

తిరుగు ఫెర్రీలో చాతం వచ్చేదాకా ఏడ్చాను. పక్కనున్న అమ్మాయి మంచినీళ్ళ సీసా ఇచ్చింది. ఏమైంది ఆంటీ అంటే, బిస్కెట్ పాట అన్నాను. పాపం, బెదిరిపోయింది. నాకు నవ్వొచ్చేసింది.

ఇవాళ పొద్దున నీ మనవరాలు ఉగ్గు తినడం లేదు. పెదాలు బిగించి కూర్చుంది. ఝాన్సీ విసిగిపోయింది, వదిన విసిగిపోయింది. నేను స్టీలు గిన్నె బోర్లించి దరువేశాను. మూడు లైన్లు నీవి పాడాను. నాలుగో దగ్గర ఒక్క క్షణం ఆగి, నాకు తోచింది అనేశాను:

గొంతు మారింది గానీ పాట అదే, నోరు తెరవండి!

తెరిచింది అన్నయ్యా. ఇంతలేసి నోరు తెరిచింది.

నీ గొంతేం రాలేదు. నా బొంగురు గొంతే వచ్చింది. అయినా వదిన అటు తిరిగి కళ్ళు తుడుచుకుని, రేపేం పాడతావు మరదలా అంది. రేపటిది ఇంకా కట్టలేదు. కడతాను. పాప బడికెళ్ళేదాకా రోజుకొకటి కడతాను, మాట ఇస్తున్నాను.

నీ చెల్లెలు,
చిట్టి