ఇరవై తొమ్మిదిన్నర

చిట్టితల్లీ, నేను బాగానే ఉన్నాను, బెంగపడకు.

ఫిట్‌నెస్ పరీక్షకు వెళ్లే పిల్లలకు నిన్న మళ్లీ శిక్షణ మొదలుపెట్టాను. పరుగుకు ముందు కాలు వెనక్కి మడిచి పట్టుకోమని ముప్పై దాకా లెక్కపెట్టాను. ఒక్కరూ కాలు దించలేదు.

"ముప్పై అయిందిగా, దించరేం?" అన్నాను.

"అమ్మగారి ఇరవై తొమ్మిదిన్నర ఇంకా రాలేదు సార్" అంది ముందు వరసలో అమ్మాయి.

మీ అమ్మ ఉన్నన్నాళ్లూ లెక్క తనదే. ఇరవై తొమ్మిది తర్వాత "ఇరవై తొమ్మిదిన్నర" అని సాగదీసి గానీ ముప్పై అనేది కాదు. ఆ అర దగ్గర రోజూ పోట్లాడేవాణ్ణి. నిన్న ఆ అర అనకుండానే రౌండు కొట్టి రమ్మని వాళ్లను పంపేశాను.

అల్లుడి మోకాలు తగ్గిందా? కాపడం మానొద్దను. వచ్చే ఆదివారం రాగలవా? నాకోసం కాదు, పిల్లలకు లెక్కపెట్టడానికి. ఆ అర అమ్మలా పలకడం నీకొక్కదానికే వచ్చు.

ఇద్దరూ చల్లగా ఉండాలి.

నాన్న