అమ్మ రక్తంలో దోషం లేదట

అక్కా,

నువ్వు పోయినప్పటి నుంచి ఎవరేమడిగినా అమ్మ తల వంచుకుని ఒకటే మాట: "నా రక్తంలనే దోషమున్నది, అదే బిడ్డకు అంటింది."

ఈరోజు రాయచూరులో నీ రొమ్ము క్యాన్సర్ చూసిన డాక్టరమ్మ మమ్మల్ని పిలిపించింది. "వంశం నుంచి వచ్చిన లోపమేదీ కనపడలేదమ్మా. కణితిని ఆపే జన్యువు పుట్టుకతో బాగానే ఉంది, కానీ కణితిలో మాత్రం పనిచేయకుండా మూగబోయింది. ఎందుకో ఇంకా వెతకాలి" అంది. దాచి ఉంచిన నీ కణితి ముక్కను పరిశోధనకు ఇస్తారా అని అడిగింది.

నేనింకా తటపటాయిస్తుంటే అమ్మే చెప్పింది: "తీస్కోండి. ఇంకొకరింట్ల గిట్ల కావొద్దు."

తిరుగు బస్సులో పక్కావిడ "యాడికి పోయొస్తున్నరమ్మా?" అంది. అమ్మ ఈసారి తల వంచుకోలేదు.

"నా పెద్దబిడ్డ పనుండె" అంది.

నీ చెల్లి