వెల్డా అనే ఆట

గురువారం, అక్టోబరు 30, 1986

ఈ రోజు పనులు: మూడు బుట్టల బట్టలు ఉతికి ఆరేశాను. నీ తెల్ల చొక్కాలకు గంజి పెట్టి ఇస్త్రీ చేశాను. వంటింటి కిటికీ రెక్క బిగించాను. యూనిస్ పెట్‌వే గారి గాజు గిన్నె కడిగి, అందులో మొక్కజొన్న రొట్టె పెట్టి తిరిగి పంపాను. పీచ్ పళ్ళతో చేసే తీపి వంటకం, ఒక కాబ్లర్ మాడబెట్టాను. ఈ ఉత్తరం ఆ చివరి పని గురించే.

ప్రియమైన హార్మన్‌కి,

ఒకే కప్పు కింద ఉంటూ ఈ ఉత్తరమేమిటని నవ్వుకోకు. ఆగస్టు నుంచి నువ్వు ఇంటికి వచ్చేసరికి నేను నిద్రలో ఉంటున్నాను. నేను లేచేసరికి నీ కారు ఉండటం లేదు. ఈ ఇంట్లో నువ్వు మరిచిపోకుండా చేత్తో ముట్టేది కాఫీ డబ్బా ఒక్కటే. అందుకే దీన్ని దాని కింద పెడుతున్నాను.

నిన్న సాయంత్రం కాబ్లర్ ఓవెన్‌లో పెట్టి, కాస్త చూస్తుండమని డోర్సీతో చెప్పి, ఆరిన బట్టలు తీయడానికి పెరట్లోకి వెళ్ళాను. పక్కింటావిడ మాటల్లో పెట్టింది. మాడిన చక్కెర వాసన కంచె దాకా కొట్టేసరికి పరుగెత్తుకొచ్చాను. మనవాడు ఓవెన్ పక్కనే కుర్చీలో పుస్తకం ముందేసుకుని కూర్చున్నాడు. తల కూడా ఎత్తలేదు.

"ఏరా, ఇంత మాడు వాసన వస్తుంటే లేచి ఆర్పొద్దూ?"

"ఏం వాసనమ్మా?"

మొదట వెటకారమనుకున్నాను. తర్వాత వాడి మొహం చూశాను. నువ్వైనా ఆ మొహం చూసి ఉంటే ఇంక అడిగేవాడివి కాదు. నేల తుడిచే అమ్మోనియా సీసా మూత తీసి వాడి ముక్కు దగ్గర పెట్టాను. నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి. వాడు మాత్రం "మండుతోందమ్మా" అన్నాడు తప్ప వాసన వస్తోందనలేదు. కాఫీ పొడి, ఉల్లిపాయ, సబ్బు, ఏదీ లేదు. సెప్టెంబరు నుంచీ ఇంతేనట. అన్నం తిన్నా అట్టముక్క తిన్నా ఒకటేనట. దీపం వెలుగు కళ్ళలో పొడుస్తోందని వంటింట్లో లైటు వేయనివ్వకపోతే, కరెంటు మిగులుస్తున్నాడని నేను మురిసిపోయాను.

"నాన్నకి... కోచ్‌కి చెప్పకమ్మా" అన్నాడు. సీజన్ నడిచినన్నాళ్ళూ ఇంట్లో కూడా నిన్ను నాన్నా అనకూడదని నువ్వు పెట్టిన నియమం వాడు అప్పుడు కూడా దాటలేదు.

పెళ్ళయిన కొత్తలో నువ్వు ఈ బల్ల మీదే ఉప్పు సీసా, మిరియాల సీసా పెట్టి ఫుట్‌బాల్‌లో ఎత్తుగడగా ఆడే ఒక ఆట చూపించావు. జ్ఞాపకముందా? మిరియాల సీసా అడ్డంగా మైదానం మధ్యలోకి దూసుకుపోతుంది. అవతలి జట్టులో వెనక కాపలా ఉండేవాడు బంతి దానికే వస్తుందనుకుని దాని మీదికి ఉరుకుతాడు. ఈలోగా ఉప్పు సీసా వాడి వెనకున్న ఖాళీలోకి పారిపోతుంది. దూరంగా విసిరిన బంతి దానికి. ఒక్క విసురుతో అరవై, డెబ్భై గజాలు. "దీనికి నీ పేరే పెడతాను వెల్డా, నన్ను కూడా ఇలాగే ఏమార్చావు కదా" అన్నావు. నేను సిగ్గుపడ్డాను కూడా. మిరియాల సీసాకి ఏమవుతుందని మాత్రం అడగలేదు.

ఇప్పుడు నువ్వు చిన్న కోచ్‌గా ఉన్న కాడ్వెల్ కాలేజీ జట్టంటే ఆ ఆటే. ఈ కొండల్లోని జట్లన్నీ అడుగు అడుగు తోసుకుంటూ ముందుకు పోతుంటే, మీరు రెప్పపాటులో గీత దాటేస్తారని పేపర్లో రాస్తారు. స్టేడియమంతా లేచి "వెల్డా! వెల్డా!" అని అరుస్తుంది. ఉప్పు సీసా మొబీల్ నుంచి వచ్చిన లావెల్ గెయిన్స్. మిరియాల సీసా మన కొడుకు. సగం మైదానం దాటిన గెలుపు పరుగుకి మర్నాడు చర్చి ఆడవాళ్ళు ఆ కుర్రాడి తల్లికి కాబ్లర్ పంపడం మన ఊరి ఆనవాయితీ. లావెల్ తల్లి దూరాన ఉంది కనుక ఆ గిన్నెలు మన ఇంటికొస్తున్నాయి. ప్రతి ఆదివారం నేను కడుగుతున్నది నా కొడుకు తలకు తగిలిన దెబ్బల గిన్నెల్ని, హార్మన్.

వాడిని ఆ దారిలో పంపకు. ఇంకేమీ అడగను.

నీ
వెల్డా


సోమవారం, నవంబరు 17

ఈ రోజు పనులు: భోజనాల గది గోడ తుడిచాను. కుర్చీలు యథాస్థానంలో పెట్టాను. నీ మిత్రులు తివాచీ మీద ఒలకబోసిన చల్లటి టీ మరకలు సగం పోయాయి, సగం పోలేదు.

హార్మన్‌కి,

నా ఉత్తరానికి నీ జవాబు అందింది. దాని వెనకే పెన్సిల్‌తో మూడు మాటలు: "సీజన్ అయ్యాక చూద్దాం." ఆ తర్వాత మూడు శనివారాలు గడిచాయి.

నిన్న మన గోడ మీద మీరంతా శనివారం ఆట ఫిల్ము వేసుకుని చూస్తున్నప్పుడు నేను హామ్ శాండ్‌విచ్‌ల పళ్ళెంతో తలుపు దగ్గర నిలబడ్డాను. నీ మిత్రుడు బ్యూఫర్డ్ తొడ చరుచుకుంటూ అరుస్తున్నాడు.

"చూడండ్రా, పోతున్నాడు చూడండి! వీణ్ణి పట్టుకోవాలంటే పోలీసు జీపు కావాలి. మిస్ వెల్డా, మీ పేరుకున్న గిరాకీ ఈ రాష్ట్రంలో గవర్నరు పేరుకి కూడా లేదండీ!"

"ఆ గవర్నరుకి ఒక్కసారి కూడా బంతి పట్టడం రాలేదు కదా" అన్నాడు ఇంకొకాయన.

అందరూ లావెల్‌ని చూస్తున్నారు. నేను బొమ్మ అంచును చూస్తున్నాను. అక్కడ డోర్సీ పడి ఉన్నాడు. మోకాళ్ళ మీద లేచాడు. తర్వాతి ఆట మొదలయ్యే ముందు నడుచుకుంటూ వెళ్ళి అవతలి జట్టు గుంపులో నిలబడ్డాడు. వాళ్ళలో ఒక కుర్రాడు మనవాడిని భుజాలు పట్టి తిప్పి, మన వైపుకి మెల్లగా నెట్టాడు. శత్రువు బిడ్డకున్నపాటి దయ మనలో ఎవరికీ లేకపోయింది.

"వీడెవడ్రా బాబూ, పెళ్ళివారిల్లనుకుని పక్కింట్లో భోజనానికి కూర్చున్నాడు!" అన్నాడు బ్యూఫర్డ్. గదంతా గొల్లుమంది. నువ్వూ నవ్వావు. తర్వాత ఫిల్ము వెనక్కి తిప్పి మళ్ళీ వేశావు. రెండోసారి నువ్వు నవ్వలేదు. ఎవరూ గమనించలేదనుకున్నావేమో. నేను గమనించాను. కాబట్టి నీకు తెలియదని ఇక నేను అనుకోలేను.

వాళ్ళు వెళ్ళాక వెనక మెట్ల మీద వాడి పక్కన కూర్చున్నాను.

"నువ్వు మానేస్తే ఏమవుతుందిరా?"

"నేను మధ్యలోకి ఉరికితేనే కాపలావాడు నా మీదికొస్తాడమ్మా. వాడొస్తేనే లావెల్ ఖాళీ. నేను లేకపోతే ఆ ఆటే లేదు."

"ఒక్కసారైనా ఆ బంతి నీకివ్వొచ్చు కదా."

వాడు నవ్వాడు. "కోచ్ కొడుక్కి బంతిస్తే ఊరు ఊరుకుంటుందా? దెబ్బలిస్తే ఎవరూ ఏమీ అనరు."

అదీ నీ న్యాయం, హార్మన్. కొడుకని పక్షపాతం చూపించావని ఎవరూ అనకూడదు. అందుకని ఎవరి కొడుక్కీ ఇవ్వనిది వాడికిచ్చావు. నువ్వు చెడ్డవాడివని నేననడం లేదు. నిన్ను వేలెత్తి చూపకుండా ఉండటం కోసం నువ్వు ఎంత దూరం పోగలవో చూస్తే భయమేస్తోంది.

ఈ శనివారం గెలిస్తే జట్టు పైమెట్టు పోటీలకు వెళ్తుందనీ, ఈ ఊరికి అలాంటి అదృష్టం ఎన్నడూ పట్టలేదనీ నాకు తెలుసు. అయినా గురువారం డోర్సీని తీసుకుని డాక్టర్ ఓగల్‌ట్రీ దగ్గరికి వెళ్తున్నాను. నీ వెనక చేయడం నాకు రాదు. అందుకే ముందు చెబుతున్నాను. నువ్వు ఆపకపోతే నేను ఆపుతాను.

వెల్డా


శుక్రవారం, నవంబరు 28, బర్మింగ్‌హామ్ ఆసుపత్రి

ఈ రోజు పనులు: రూతాన్ ఓడమ్ గారి జాకెట్టు చేతులు కడుక్కునే తొట్టిలో ఉతికి, వేడి గొట్టం మీద ఆరేశాను. ఆవిడ తల దువ్వాను. ఆవిడ కొడుకు వెండెల్ పెదవులకు తడిగుడ్డ అద్దాను. నిన్నటి కృతజ్ఞతల పండగకి చర్చివాళ్ళు పంపిన టర్కీ కోడి ముక్కలు నర్సులకిచ్చాను. తినేవాళ్ళు లేరు.

ప్రియమైన హార్మన్‌కి,

శనివారం జరిగింది నువ్వు మైదానం అంచు నుంచి చూశావు. నేను చూసింది నీకు చెప్పాలి.

డాక్టర్ కాగితం మీద సంతకం పెట్టి, ఈ ఏడాదికి డోర్సీ ఆడకూడదన్న నాటి నుంచి నా కడుపు చల్లబడింది. శనివారం వాడు మామూలు చొక్కా వేసుకుని బెంచీ మీద కూర్చున్నాడు. నేను మెట్ల మీద యూనిస్ పెట్‌వే గారి పక్కన. చివరి నిమిషాల్లో జనం లేచి "వెల్డా! వెల్డా!" అంటుంటే నేనూ లేచాను. ఈ ఏడాది మొత్తంలో మొదటిసారి. నోరారా అరిచాను. ఎందుకంటే ఆ మిరియాల సీసా ఇప్పుడు నాది కాదు. లావెల్ పరుగెత్తుతుంటే ఊరంతా చూసినట్టే నేనూ లావెల్‌నే చూశాను. డెబ్భై ఒక్క గజాలు. యూనిస్ గారిని కావలించుకున్నాను. ఆవిడ భుజం మీదుగా చూస్తే, నా కొడుకు బూట్లు జారుతుంటే బెంచీ మీద నుంచి మైదానం మధ్యలోకి పరుగెత్తుతున్నాడు. ఆ స్టేడియంలో ఉన్న అన్ని వేల మందిలో వాడొక్కడే అక్కడ పడి ఉన్న కుర్రాడి వైపు చూస్తున్నాడు.

డోర్సీ చోట్లో నువ్వు పంపిన వెండెల్ మెడ ఎముక విరిగింది. వేళ్ళ చివర్లు కదులుతున్నాయి. కాళ్ళు కదలడం లేదు. డాక్టర్లు నేల చూస్తూ మాట్లాడుతున్నారు.

ఓడమ్ గారు నూలు మిల్లులో రాత్రి పాళీ చేస్తుంది. భర్త లేడు. మొదటి రోజున నన్నెవరో చర్చి మనిషి అనుకుంది. నేను కోచ్ భార్యనని చెప్పుకున్నాక అడిగింది.

"మీ అబ్బాయి ఆ రోజు ఆడలేదటగా?"

"ఆడలేదు."

"జ్వరమా?"

"కాదు. తలకి దెబ్బలు. నేనే ఆపించాను."

ఆవిడ కొడుకు దుప్పటి సర్దింది. "అయితే ఆ చోట్లో ఏముందో మీకు ముందే తెలుసు."

"తెలుసు."

"మావాడు శుక్రవారం ఫోన్ చేశాడు. 'అమ్మా, నాకు చోటొచ్చింది' అన్నాడు. నేను పిచ్చిదాన్ని, మిల్లంతా చెప్పుకుని తిరిగాను."

ఆవిడ గోడ వైపు తిరిగి కూర్చుంది. మర్నాడు నేను వెళ్ళడానికి కోటు తీసుకుంటే, "ఉండాలనుకుంటే ఉండు. క్షమించమని మాత్రం అడక్కు" అంది. ఉన్నాను. అడగలేదు.

నేను నిన్ను అడిగింది తప్పు, హార్మన్. నా కొడుకుని ఆ ఆటలోంచి తీసేయమన్నాను. ఆ ఆటనే తీసేయమనాల్సింది. నువ్వు ఊరి మాటకు భయపడి నీ కొడుకునిచ్చావు. నేను నా కొడుకుని తెచ్చుకుని, ఆ చోటు ఖాళీగా వదిలేశాను. ఖాళీ చోటులోకి ఎవరో ఒకరు వస్తారని నీ భార్యకు తెలియకపోతే ఇంకెవరికి తెలియాలి? ఆ ఆట నడిచేదే దాని మీద కదా.

డెబ్భై ఒక్క గజాలకు వచ్చిన కాబ్లర్ లావెల్ ఇక్కడికి మోసుకొచ్చాడు. "ఇది నాది కాదు మేడమ్, వెండెల్‌ది" అని ఓడమ్ గారి చేతికిచ్చాడు. ఆవిడ కిటికీలో పెట్టింది. ఎవరూ ముట్టలేదు. ఈ ఉదయం నేనే పారబోసి గిన్నె కడిగాను.

నిన్న డోర్సీ వచ్చి నీ కవరు ఇచ్చాడు. అందులో నీ ఆటల పుస్తకంలోంచి కత్తిరించిన చిన్న కాగితం ముక్క. నా పేరు, పెళ్ళి నాటి నీ చేతిరాతలో. దాని వెనక: "నీ పేరు నీకు. మిగతాది పొయ్యిలో వేశాను. సోమవారం నుంచి నాకు పని లేదు." ఎలా జరిగిందో వాడు చెప్పాడు. "గెలిపించే ఆటని బూడిద చేశావా? నువ్వేం కోచ్‌వయ్యా!" అని పెద్ద కోచ్ అరిస్తే, నువ్వు గది తాళాలు బల్ల మీద పెట్టి వచ్చావట. "నాన్న ఇంటికి నడిచే వచ్చాడమ్మా" అన్నాడు. పైమెట్టు పోటీలు ఇంకా ఉన్నాయి, సీజన్ అయిపోలేదు. అయినా వాడు నాన్న అన్నాడు.

సంతోషించానని రాయలేను. ఆ పని ఒక వారం ముందు చేసి ఉంటే అన్న మాట నా మనసులోంచి పోవడం లేదు. నీ మనసులోంచి కూడా పోకపోవచ్చు. డోర్సీ ఇక్కడ మందుల వాసన తెలియకుండా వెండెల్ పక్కన గంటల తరబడి కూర్చుంటున్నాడు. వాసన తిరిగి వస్తుందో రాదో డాక్టరుకీ తెలియదట. ఆదివారం నువ్వు రా. ఏమీ తేవద్దు. ఓడమ్ గారికి ఏమీ చెప్పొద్దు. రాత్రి పాళీకి ఆవిడ మిల్లుకి వెళ్ళక తప్పదు. అప్పుడు ఆ కుర్రాణ్ణి పక్కకి తిప్పి పడుకోబెట్టడానికి రెండు బలమైన చేతులు కావాలి.

వెల్డా

ఇవ్వాల్సినవి, రావాల్సినవి: యూనిస్ గారి గిన్నె డోర్సీతో పంపాను. ఈసారి ఖాళీగానే పంపాను. ఓడమ్ గారికి మనం ఉన్నది తీరేది కాదు కనుక ఇక్కడ రాయడం లేదు. ఇన్నేళ్ళుగా నీ దగ్గరున్న నా పేరు: ముట్టింది. చెల్లు.