కావేరిపాక్కం అబద్ధం

గుడియాత్తం,
1918 నవంబరు

తంగమ్మకు అన్న దీవెనలు.

విషజ్వరం వచ్చి బడి మూసినప్పటి నుంచి నీ పిల్లలకు నేనే చదువు చెబుతున్నాను. రోజూ పొద్దున్నే మగ్గం పక్కన చాప పరిచి పలకలు ఇస్తాను. ఏది మారినా ఆ వేళ మారకూడదని నా పట్టుదల. అదే జ్వరంతో నిన్ను వేలూరు ఆసుపత్రిలో చేర్చిన సంగతి మాత్రం దాచాను. మన చిన్నమ్మకు తోడుగా కావేరిపాక్కం పోయావని చెప్పాను. బెదరకుండా ఉంటారనుకున్నాను.

నిన్న చిన్నవాడు కుప్పుస్వామి పలక పక్కన పెట్టి నీకోసం ఏడ్చాడు. అక్క చిన్నమణి వాడి కళ్ళు తుడిచి, "అమ్మ కావేరిపాక్కం అవ్వ ఇంట్లో ఉండాది లేరా, నువ్వు రాయి" అంది. వాడు మళ్ళీ దిద్దడం మొదలుపెట్టాక నా దగ్గరికి వచ్చి మెల్లగా అడిగింది.

"మామా, అమ్మ బతికే ఉండాదా?"

"ఉండాదమ్మా" అన్నాను. నిన్ను బండిలో పడుకోబెట్టి రైలుకు తీసుకుపోవడం అది కిటికీలోంచి చూసిందట.

"ఇన్ని దినాలు నన్నెందుకు అడగలేదమ్మా?"

"నువ్వు దిగులు పడతావని మామా."

ఎనిమిదేళ్ళ పిల్ల నా అబద్ధాన్ని నా కోసమే మోసింది. సిగ్గుతో దాని ముఖం చూడలేకపోయాను. ఇద్దరినీ కూర్చోబెట్టుకుని ఉన్నది ఉన్నట్టు చెప్పాను. చిన్నవాడు నా ఒళ్ళో ఏడ్చి ఏడ్చి నిద్రపోయాడు. ఈ పొద్దున నేను పిలవకముందే ఇద్దరూ చదువుకు కూర్చున్నారు.

ఒంట్లో ఎలా ఉందో ఎవరిచేతనైనా రాయించు. బాగుంటే బాగుందని, లేకుంటే లేదని రాయించమ్మా. ఒక్క మాట మార్చకుండా వాళ్ళకు చదివి వినిపిస్తాను.

నీ అన్న