నాలుగో వార్డు సంతకం

చోడవరం,
17 నవంబరు 2021, బుధవారం

చిరంజీవి హిమబిందుకి, ఆరు నుంచి పది దాకా నీకు సాంఘిక శాస్త్రం చెప్పి, ఆనక మీ ఎదురింట్లోనే ముసలివాడైన తాతబ్బాయి మాస్టారు దీవెనలతో రాస్తున్నది. ఇక్కడ నేనూ, మా ఆవిడ రాజులమ్మా ఉన్నంతలో క్షేమం. గాజువాకలో నువ్వూ, ఉదయ్‌కుమారూ, పిల్లా కులాసాగా ఉన్నారని తలుస్తాను.

ఫోనుండగా ఉత్తరమేమిటని నవ్వుకుంటావేమో. ఫోన్లో నువ్వు బాగున్నారా మాస్టారూ అనగానే బాగున్నానమ్మా అని పెట్టేస్తున్నాను. ఇప్పటికి మూడుసార్లు అలాగే అయింది. అందుకని మందుల కోసం చోడవరం వచ్చినవాణ్ణి, పోస్టాఫీసు బల్ల మీద కూర్చుని రాస్తున్నాను.

మొన్న ఆదివారం అంగన్‌వాడీ టీచరు అశ్విని మా ఇంటికొచ్చింది. మన ఊరి ఓటర్ల జాబితా పని ఇప్పుడు ఆ పిల్లే చూస్తోంది. ఇక్కడి జాబితాలోంచి నీ పేరు తీసేయమని నువ్వు పెట్టిన దరఖాస్తు చూపించింది. నువ్వు ఊళ్ళో ఉండటం లేదని ఇరుగుపొరుగువాళ్ళు ఒకరు సంతకం చేయాలట. ఎదురిల్లే కదా మాస్టారూ, ఓ సంతకం పడెయ్యండి, నెలాఖరుకి పంపించెయ్యాల అంది. కళ్ళజోడు కనబడట్లేదని చెప్పి కాగితం ఉంచేసుకున్నాను. కళ్ళజోడు ముక్కు మీదే ఉంది. అశ్విని అది చూసి, నెలాఖరు మర్చిపోకండి అని వెళ్ళిపోయింది.

నీ పేరు తీయించుకోవద్దని అడగడానికే ఈ ఉత్తరం.

ముందు ఊరి కబుర్లు. ఈ వానలకి చెరకు సగం పడిపోయింది. మన వీధి కుళాయికి నీళ్ళు ఇంకా రాలేదు. పెదబాబు గారి ఇంటి మలుపు దాకా వచ్చి ఆగిన గొట్టం అక్కడే ఉంది. సర్పంచి ఆయన కోడలే అయినా కుర్చీలో ఆయనే కూర్చుంటున్నారు, ఆవిడ సంతకం కోసం కాగితాలు వంటింట్లోకి వెళ్తున్నాయి. మీ నాలుగో వార్డు మెంబరు చిన్నతల్లి మొన్న నన్ను దారిలో ఆపి, మెంబరంటే ఏటి సెయ్యాల మాస్టారూ, నాకెవులూ సెప్పట్లేదు అని అడిగింది. పాపం, ఎకసెక్కానికి కాదు, నిజంగానే అడిగింది. ముప్పై ఏళ్ళు పౌరశాస్త్రం చెప్పినవాణ్ణి, గుమాస్తాని అడగమ్మా అని పంపేశాను. ఆగస్టు పదిహేనున పంచాయతీ ఆఫీసు దగ్గర జెండా నా చేతే ఎగరేయించి శాలువా కప్పారు. ఆ ఫొటో మా రాజులమ్మ గోడకి తగిలించింది.

గ్రామసభ పుస్తకం ఇప్పటికీ ఇంటింటికీ తిరుగుతోంది. సభ జరగదు, పుస్తకం మాత్రం తిరుగుతుంది. గుమాస్తా గుమ్మంలో నిలబడి పెన్ను మూత తీసి ఇస్తాడు, మనం సంతకం పెట్టి పంపేస్తాం. ఇరవై ఏళ్ళుగా నేనూ అలాగే పెట్టాను. కిందటి జనవరిలో నువ్వొక్కదానివే ఆ పుస్తకం లాక్కుని నట్టింట్లో కూర్చుని చదివావు. మన వీధికి కుళాయి నీళ్ళు అందుతున్నాయని, అందుకు గ్రామసభ సంతోషం వెలిబుచ్చిందని అందులో రాసి ఉంది. ఈ సభ ఎక్కడయ్యిందండీ, ఎవులెళ్ళేరండీ అని నువ్వు గుమాస్తాని నిలదీస్తుంటే మా అరుగు మీదికి వినబడింది. ఆ పేజీలో మొదటి సంతకం నాదే. సిగ్గుతో చచ్చిపోయాను. ఆ వారంలోనే వార్డు మెంబరుగా నిలబడతానని వచ్చావు.

నాకేమీ ఆశ్చర్యం కలగలేదు. ఏడో తరగతిలో క్లాసు లీడరు ఎన్నికకి మీ చేత చింతపిక్కలు ఓట్లుగా వేయించాను, గుర్తుందా? రెండు పిక్కల తేడాతో ఓడిపోయి, మళ్ళీ లెక్కపెట్టాల్సిందేనని పట్టుబట్టావు. పెడితే తేడా ఒక్కటే వచ్చింది. అయినా ఓడిపోయావు. ఓడిపోయి, తృప్తిగా వెళ్ళి నీ చోట కూర్చున్నావు. అలాంటి పిల్లని నా సర్వీసులో ఇంకొకర్ని చూడలేదు.

ఊరు మొత్తం ఏకగ్రీవం చేయాలని అప్పటికే పాలకేంద్రం అరుగు మీద పెద్దలు తేల్చేశారు. సర్పంచికీ పది వార్డులకీ తలా ఒక్క పేరే. ఒక్క వార్డులో పోటీ వచ్చినా ఊరి ఏకగ్రీవం చెడిపోతుంది, సర్కారు ఇచ్చే బహుమతి పోతుంది. దాంతో ఊరి కోపమంతా నీ ఒక్కదాని మీద పడింది. పాలకేంద్రంలో మీ పాలు నీళ్ళపాలని తిప్పి పంపారు. కుట్టమని ఇచ్చిన జాకెట్లు గుడ్డముక్కలుగానే వెనక్కి పట్టుకెళ్ళారు. నువ్వు మాత్రం చలించలేదు. నిన్ను ప్రతిపాదిస్తూ వేలిముద్ర వేస్తానని మీ పక్కింటి సన్యాసమ్మ వచ్చింది. మాస్టారి సంతకమైతే గౌరవంగా ఉంటుందని చెప్పి నేనే పెట్టాను.

తర్వాతిది నీకు తెలిసిందే. నామినేషన్లు పరిశీలించిన రోజున ఆఫీసరు నీ కాగితం చదివి, ప్రతిపాదించిన ఆయన ఓటు మూడో వార్డులో ఉందమ్మా, నాలుగో వార్డుకి చెల్లదు అని పక్కన పెట్టేశాడు. వార్డులు మార్చినప్పుడు మన వీధి మధ్యలోంచి గీత గీశారు కదా, మీ వైపు నాలుగు, మా వైపు మూడు. ఇంకో కాగితం వేద్దామంటే గడువు ముందురోజే అయిపోయింది. నువ్వు నన్ను పల్లెత్తు మాట అనలేదు. వయసు పైబడింది కదా మాస్టారూ, మర్చిపోయేరు, బాధపడకండి అని స్కూటీ వెనక కూర్చోబెట్టుకుని ఇంటి దగ్గర దింపావు. మనం వచ్చేసరికి పాలకేంద్రం దగ్గర బాణసంచా కాలుస్తున్నారు. వారం తిరక్కుండా కుట్టుమిషను ఆటోలో వేసుకుని వెళ్ళిపోయావు.

నీ ఓటు ఇక్కడుంటే ఊరు బాగుపడుతుందని రాయను. నీకు అబద్ధం చెప్పలేను. వచ్చే ఎన్నిక కూడా ఆ అరుగు మీదే అయిపోతుంది. జనానికి కోపం కూడా పోయింది బిందూ. ఎవులైతే మనకేటి అంటున్నారు, కుళాయి మాటే ఎత్తడం మానేశారు. ఆ పుస్తకం చదివిన మనిషి పేరు ఒక్కటైనా జాబితాలో మిగలాలని నా ఆశ. అంతకు మించి దానివల్ల ఒరిగేదేమీ లేదని నాకూ తెలుసు. ఆలోచించి ఒక ముక్క రాయి.

ఎదురింటి గుమ్మం నుంచి,
మీ మాస్టారు,
తాతబ్బాయి

తా.క.: కవరు అంటించబోయి ఆగాను. నీకు అబద్ధం చెప్పలేనని పైన రాశాను. అది పెద్ద అబద్ధం.

వార్డులు మార్చినప్పుడు జాబితా పట్టుకుని ఇంటింటికీ తిరిగి సరిచూసింది నేనే. నా ఓటు మూడో వార్డులో ఉందని నా పేరు తెలిసినంత బాగా తెలుసు. నువ్వు నామినేషను వేసే ముందురోజు పెదబాబు గారు మా ఇంటికొచ్చి టీ తాగి, ఊరు ఒక్కమాట మీదుండాల మాస్టారూ, పెద్దోరు, మీరే సూడాల అన్నారు. బెదిరించలేదు, ఏమీ ఇస్తాననలేదు. ఇన్నేళ్ళలో ఆయన మా గుమ్మం ఎక్కడం అదే మొదలు. నాకది గొప్పగా అనిపించింది. నేను సంతకం పెట్టనంటే నువ్వు సన్యాసమ్మ చేత వేలిముద్ర వేయించుకుంటావు. ఆవిడది నాలుగో వార్డు, నీ కాగితం నిలబడిపోతుంది. అందుకే నేనే పెడతానన్నాను. జాబితాలో నా నెంబరెంతని అడిగితే తడుముకోకుండా చెప్పాను. వార్డు సంగతి నువ్వు అడగలేదు. మాస్టారికి తెలీదా అనుకుని ఉంటావు.

కాబట్టి పేరు ఉంచుకోమని అడిగే ముఖం నాకు లేదు. నెలాఖరు దాకా చూస్తాను. నీ దగ్గర్నుంచి కబురు రాకపోతే అశ్విని కాగితం మీద సంతకం చేసి ఇచ్చేస్తాను.

ఆగస్టు పదిహేనున జెండా తాడు రెండుసార్లు నా చేతిలోంచి జారిపోయింది. చూసినవాళ్ళంతా నీలాగే, పాపం వయసు పైబడిందనుకున్నారు.