చోరీకి గురైన నా అభిప్రాయం

ఆదివారం రాత్రి, ఫ్రిస్కో, టెక్సాస్

ఈ రోజు శైలజ ఆంటీ వాళ్లింట్లో, తలా ఒక వంటకం పట్టుకెళ్లే పాట్‌లక్‌లో, పట్టపగలు, అందరూ చూస్తుండగా నా సొత్తు చోరీ అయింది. దొంగ పరాయివాడు కాదు, నా రూమ్మేట్ కిరణే.

మొన్న శుక్రవారం ఇంట్లో ఇద్దరం ఆ మూడు గంటల రాజుల సినిమా పెట్టుకున్నాం. టైటిల్స్ పూర్తయ్యేలోపే వాడు సోఫాలో గురక మొదలెట్టాడు. యుద్ధాలన్నీ నేనొక్కడినే భరించి, మర్నాడు పొద్దున కాఫీ తాగుతూ వాడికి తీర్పు వినిపించాను: "హీరోకి కోపం ఒక్కటే వచ్చు రా. ప్రేమించాల్సిన చోట కూడా అదే వాడేశాడు."

ఇవాళ ఆంటీ వాళ్ల అమ్మాయి మౌనిక "ఆ సినిమా ఎలా ఉంది?" అనగానే, వాడు ఆ రెండు వాక్యాలూ, మధ్యలో నేనిచ్చిన గ్యాప్‌తో సహా అప్పజెప్పాడు. మౌనిక పులిహోర ప్లేటు పక్కన పెట్టి మరీ నవ్వింది. ఆ నవ్వు కోసం నేను ఎన్ని పాట్‌లక్‌లకి గిన్నెలు మోశానో ఆ దేవుడికే తెలుసు.

"అది నేనన్న మాట," అన్నాను.

"అవునా, నీకూ అలాగే అనిపించిందా?" అంది, ఓదార్పుగా.

తిరిగొస్తూ కార్‌లో నిలదీశాను. "చూడని సినిమా గురించి ఎలా చెప్పావు రా?"

"నువ్వు చూశావుగా," అన్నాడు, సిగ్నల్ దగ్గర తాపీగా ఆపుతూ.

ఇంతకీ వచ్చే శుక్రవారం మౌనిక మా ఇంటికి సినిమా చూడ్డానికి వస్తోంది. కిరణ్ కామెంట్స్ వింటూ చూడాలట. నన్ను కూడా ఉండమంది.

ఇక నా ఆశంతా వాడి గురక మీదే...